ఏ లోటూ లేని ఇల్లు

మా దుకాణానికి షట్టరు ఒకటే, మనుషులం ఇద్దరం. ఎడమ పక్క నేను గడియారాలు బాగుచేస్తాను. కుడి పక్క ఆవిడ జిప్పులు బాగుచేస్తుంది. మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం ఉంది గానీ అది ఛాతీ ఎత్తు వరకే కాబట్టి ఒకరి తుమ్ము ఇంకొకరికి వినపడకుండా పోదు. బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉండటం వల్ల దిగినవాళ్ళలో సగంమంది ఏదో ఒకటి తెంపుకునే దిగుతారు. గడియారం పట్టీ తెగినవాళ్ళు నా దగ్గరికి, సంచీ జిప్పు పోయినవాళ్ళు ఆవిడ దగ్గరికి వస్తారు. ఈ రోజుల్లో చేతికి గడియారం పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. జిప్పు లేకుండా మాత్రం ఎవరికీ రోజు గడవదు. అందుకని అద్దెలో ఎక్కువ వాటా ఆవిడే ఇస్తుంది. ఆ సంగతి నేను ఎత్తితే వినపడనట్టు నటిస్తుంది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. మిషను దింపించుకున్న మొదటిరోజు "బాబాయ్, ఈ ప్లగ్గు పనిచేస్తుందా?" అని అడిగింది. అంతే, ఆ క్షణం నుంచి బాబాయినైపోయాను. వచ్చేపోయేవాళ్ళు ఆవిడని జిప్పులమ్మ అంటారు. నేను అమ్మాయ్ అంటాను. జుట్టు నెరుస్తున్న మనిషిని అమ్మాయ్ అంటావేమిటని ఒకాయన నాకు పాఠం చెప్పబోతే, మీ గడియారం మీరు తీసుకెళ్ళండి అని చేతిలో పెట్టి పంపించాను. నాకు కాస్త కోపం ఎక్కువ. దాచుకోను.

జిప్పు పాడైందని తెచ్చినవాటిలో చాలావాటికి కొత్త జిప్పు అక్కర్లేదు. పట్టుకుని లాగే ముక్క, దాన్ని రన్నరు అంటారు, వదులైపోయి పళ్ళని కలపడం మానేస్తుంది. దాన్ని చిన్న పటకారుతో రెండు పక్కలా నొక్కి, పళ్ళ మీద కొవ్వొత్తి రుద్దితే మళ్ళీ నడుస్తుంది. ఆ పనికి ఆవిడ డబ్బు తీసుకోదు. "ఇదేమన్నా ధర్మసత్రమా?" అని నేను విసుక్కుంటాను. సంచీ లోపలి గుడ్డ చిరిగి ఉంటే అడక్కుండానే అదీ కుట్టి ఇస్తుంది. లోపలి చిరుగు ఎవడు చూస్తాడమ్మాయ్ అంటే, "తెరిచినప్పుడల్లా వాళ్ళకి కనపడుతుంది కదా బాబాయ్, పాపం" అంటుంది.

ఆవిడ గురించి ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాదంతా అర్థం కాదు. తన ఇంట్లో ఫలానాది తక్కువైందని ఆవిడ నోటితో చెప్పగా ఎవరూ వినలేదు. ఒళ్ళు కాలిపోతూ మిషను మీద తల వాల్చినరోజు "ఎండకి కళ్ళు తిరిగాయి" అంది. బయట మబ్బు పట్టి ఉంది. ఇంటి ఓనరు అద్దె పెంచితే "పెంచడూ మరి, గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు" అంది. ఆ ఇల్లు నేను చూశాను. ఒకటే గది, ఒకటే కిటికీ, కిటికీ తీస్తే పక్కింటి గోడ. మధ్యాహ్నం మంచినీళ్ళు తాగి కూచున్న రోజుల్లో "పొద్దున ఎక్కువ తినేశాను బాబాయ్" అనేది. నాకు ఒళ్ళు మండేది. లేదు అని ఒక్కసారి అంటే నాలుక ఊడిపోతుందా అని అరిచేవాణ్ణి. నవ్వేసి ఊరుకునేది.

ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడే ఒకరోజు చెప్పింది. భర్తతో విడిపోయి అప్పుడప్పుడే బడికెళ్తున్న పిల్లని వెంటబెట్టుకుని బయటికొచ్చినప్పుడు పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ అంతకుముందు ఏ విషయంలోనూ కలవనివాళ్ళు ఈ ఒక్క మాట మీద కలిశారట: ఎన్నాళ్ళు బతుకుతుందో మేమూ చూస్తాం అని. ఆ చూసేవాళ్ళకి చూడటానికి ఏమీ దొరక్కుండా చేయడమే అప్పటి నుంచీ ఆవిడ పని. జిప్పులు దాని తర్వాతే.

పిల్లని నేను అలారం అంటాను. బడి నుంచి రాగానే "అమ్మా ఆకలీ" అని బస్సుల హోరులో కూడా వినపడేలా అరిచేది. తల్లిదండ్రులు విడిపోతున్నప్పుడు ఇక్కడ కొన్నాళ్ళు అక్కడ కొన్నాళ్ళు తిప్పడంలో బడిలో ఒక ఏడాది పోయింది. తర్వాత ఊపిరితిత్తుల జబ్బు చేసి మంచం పట్టింది, ఇంకో ఏడాది అలా పోయింది. దాంతో తనకంటే చిన్నపిల్లల మధ్య పొడుగ్గా, ఆఖరి బెంచీలో కూచునేది. పిల్లలు టీచరుగారూ అని ఏడిపించేవాళ్ళట. ఇది ఏడవలేదు. "ఏదీ, హోంవర్కులు తియ్యండి" అని వాళ్ళ పుస్తకాలు లాక్కుని నిజంగానే దిద్దేసిందట. వచ్చి మాకు చెప్తూ పగలబడి నవ్వింది. లెక్కల్లో దిట్ట. నా చిల్లర లెక్క తప్పితే ప్లైవుడ్ చెక్క అవతలి నుంచే సరిచేసేది.

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు చిన్నపిల్లలు. అతన్ని తిట్టడానికి నా దగ్గర మాటలు బోలెడున్నాయి గానీ ఒక్కటి ఒప్పుకోవాలి. పిల్ల ఖర్చులకి నెలనెలా ఇంత ఇవ్వమని కోర్టు చెప్పినప్పటి నుంచీ ఒక్క నెల ఎగ్గొట్టలేదు. కాగితం మీద ఏముంటే అది చేసే రకం. కాగితం మీద పిల్లకి పద్దెనిమిది నిండేవరకూ అని ఉంది. పద్దెనిమిది నిండాయి. డబ్బు ఆగిపోయింది. పిల్లకి బడి చదువు ఇంకా మిగిలే ఉంది.

"పుట్టినరోజుకి ఎవరైనా ఏదైనా ఇస్తారు. మనకి ఉన్నది పోయింది" అని అలారం నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు. ఆ డబ్బుతోనే బడి ఫీజు కట్టేది. జిప్పుల మీద వచ్చేది తిండికీ అద్దెకీ సరిపోతే అదే గొప్ప.

చట్టంలో ఒక వెసులుబాటు ఉందట. పద్దెనిమిది నిండినా పిల్ల ఇంకా బడిలోనే ఉంటే, చదువే పనిగా చదువుతూ ఉంటే, ఇంకో ఆధారం లేకపోతే, చదువయ్యేదాకా తండ్రి ఇవ్వాల్సిందే అని అడగొచ్చట. కోర్టు ఆవరణలో ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ ఒకావిడ ఈ సంగతి చెప్పింది. చిన్నవయసే, కళ్ళ కింద నలుపు, బల్ల మీద కట్టలు కట్టలు కాగితాలు. అర్జీ రాసి పెట్టింది. వాయిదా పడింది. మళ్ళీ పడింది. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి అవతలి లాయరు సెలవు. కాళ్ళరిగేలా తిరిగాం. తిరిగాం అంటే, ఆవిడ వెళ్ళిన ప్రతిసారీ నేనూ షట్టరు దించి వెళ్ళేవాణ్ణి. ఒక్కత్తినీ పంపాలంటే నాకు మనసొప్పేది కాదు.

ఈ లోపల బడివాళ్ళు ఊరుకుంటారా. ఫీజు కట్టమని చీటీ మీద చీటీ. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే. "మా బడిలోనే సాయంత్రం తరగతులున్నాయి. పనులు చేసుకునేవాళ్ళ కోసం పెట్టాం. ఫీజు తక్కువ, పరీక్ష అదే. కొన్నాళ్ళు అందులో చేర్చండి, కోర్టులో తేలాక మళ్ళీ పగటిపూటకి మార్చేద్దాం" అంది. అందరికీ బాగానే తోచింది. అలారం పగలు మిషను దగ్గర కూచోవడం మొదలుపెట్టింది, సాయంత్రం బడికి వెళ్ళేది. తాపీపని చేసి ఒళ్ళంతా సిమెంటుతో వచ్చినవాళ్ళ పక్కన కూచునేది. సగంమంది నిద్రపోతారు తాతా అని చెప్పింది. పంతులుగారు కూడా ఆవలిస్తూనే చెప్తారట. అయినా మానలేదు. పని కూడా తొందరగా పట్టేసింది. పాత కుట్లు విప్పేటప్పుడు గుడ్డకి గాటు పడకుండా విప్పడం వాళ్ళమ్మకే అంత బాగా రాదు.

చివరికి విచారణ రోజు వచ్చింది. లాయరమ్మ వరండాలో మమ్మల్ని పక్కకి తీసుకెళ్ళి చిన్నపిల్లకి చెప్పినట్టు ఈవిడకి చెప్పింది.

"అమ్మా, జడ్జిగారు ఎలా నెట్టుకొస్తున్నారని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. అద్దె ఎన్ని నెలలు బాకీ ఉందో, మధ్యాహ్నం ఏం తింటున్నారో, సాయంత్రం తరగతుల్లో ఎందుకు చేర్చాల్సి వచ్చిందో, అంతా చెప్పండి. ఏడుపొస్తే ఆపుకోకండి."

"సరేనమ్మా" అంది ఈవిడ. ఆ సరేనమ్మా సంగతి నాకు తెలుసు. జిప్పు బాగుచేసినందుకు డబ్బిస్తామని ఎవరైనా బలవంతపెడితే ఆవిడ సరేనండీ అనే తీరు అదే. అనేసి తీసుకోదు.

ఆ రోజు ఆవిడ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. పిల్లకి కూడా ఇస్త్రీ చేసి వేసింది. లాయరమ్మ ఆ ఇస్త్రీ మడతలు చూసి నుదురు కొట్టుకుంది. లోపల అవతలి బెంచీ మీద లిఫ్టు మెకానిక్కు, పక్కన అతని రెండో భార్య. ఆమె ఈవిడని తల నుంచి కాలి వరకూ చూసింది, మళ్ళీ కాలి నుంచి తల వరకూ చూసింది. ఈవిడ ఆమె చేతిసంచీ వైపు చూసింది. దాని జిప్పు పళ్ళు ఊడిపోయి ఉన్నాయట, పిన్నీసు పెట్టి ఉందట. నాకవేమీ కనపడలేదు, తర్వాత ఈవిడే చెప్పింది. వాళ్ళకీ ఏమంత సవ్యంగా లేదన్నమాట బాబాయ్ అంది.

జడ్జిగారు పెద్దాయన, మెత్తగానే మాట్లాడాడు.

"ఏమ్మా, డబ్బు ఆగిపోయాక ఇన్ని నెలలూ ఎలా గడుపుకొచ్చారు? పిల్లకి ఇబ్బందిగా ఉందా?"

ఈవిడ లేచి నిలబడింది. రెండు చేతులూ కట్టుకుంది. అవతలి బెంచీ వైపు ఒక్కసారి చూసింది. అప్పుడే నాకు అర్థమైంది, అయిపోయిందని.

"నా బిడ్డకి ఏ లోటూ రానివ్వలేదండి. రానివ్వను కూడా. ఇన్నేళ్ళలో ఒకరి ముందు చేయి చాచలేదు. నాకు చేతినిండా పనుంది. పిల్ల కూడా ఖాళీగా కూచోలేదు, పగలంతా నాతోపాటు పని చేస్తుంది, నాకంటే బాగా చేస్తుంది. సాయంత్రం చదువుకుంటుంది. మాకేం, బాగానే ఉన్నాం."

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. అవతలి లాయరు అడగాలనుకున్న ప్రశ్నలు రాసిపెట్టుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంక అతను అడగాల్సింది ఏముంది. అలారం నా పక్కన కూచుని ఉంది. దాని మొహం వైపు చూడలేకపోయాను.

బయటికి వచ్చాక నేను ఆగలేదు. వరండాలో నలుగురూ చూస్తుండగా కేకలేశాను. ఎందుకన్నావు ఆ మాట, ఎవడడిగాడు నీ గొప్పలు, కడుపుకి తినకుండా ఉన్న సంగతి చెప్పడానికి నోరు రాలేదా అన్నాను. ఆవిడ తల వంచుకుని నిలబడింది. మెల్లగా అంది:

"చెబుదామనే లేచాను బాబాయ్. ఆవిడ చూస్తోంది."

తర్వాతి వాయిదాకి తీర్పు చదివారు. అర్జీ కొట్టేశారు. పిల్ల పెద్దదైంది, పగలు పని చేస్తోంది, చదువు సాయంత్రం మాత్రమే, పైగా ఏ లోటూ లేదని తల్లే చెప్పింది, కాబట్టి తండ్రి ఇవ్వనక్కర్లేదని సారాంశం. చదవడం అయ్యాక జడ్జిగారు కళ్ళజోడు తీసి, "నా చేతులు మీరే కట్టేశారమ్మా" అన్నాడు. విసుగ్గా కాదు, నిజంగా బాధపడే అన్నాడు. ఆ బాధ మాకెందుకు, ఏం చేసుకోవడానికి?

ఆ మర్నాడు సాయంత్రం ఆవిడ రోజూలాగే "లేవవే, తరగతికి టైమవుతోంది" అంది. అలారం మిషను ఆపలేదు. ప్రయాణపు పెట్టె ఒకటి ముందేసుకుని జిప్పు కుడుతోంది.

"నిన్నే."

"ఇంక వెళ్ళక్కర్లేదమ్మా. పొద్దున బడికెళ్ళి పేరు తీయించేశాను."

ఆవిడ చేతిలో కత్తెర కింద పెట్టేసింది. "ఎవర్నడిగి తీయించావు? నేను రాకుండా వాళ్ళెలా తీశారు?"

"పద్దెనిమిది నిండాయి కదా, నువ్వు రానక్కర్లేదట. నా సంతకం చాలట" అంది పిల్ల. దాని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "రెండు పనులూ చేస్తుంటే రెంటికీ న్యాయం జరగట్లేదమ్మా. అద్దె బాకీ తీరిపోతుంది, తర్వాత చూద్దాం."

ఆవిడ పిల్ల మీద ఎన్నడూ చేయిచేసుకోలేదు, అప్పుడూ చేసుకోలేదు. ఆ పెట్టెని పిల్ల చేతుల్లోంచి లాక్కుని, కుట్టిన కుట్లన్నీ విప్పేసి, మళ్ళీ మొదటి నుంచి తనే కుట్టుకుంటూ కూచుంది. బాగా ఉన్న కుట్లే అవి. నేను చూడలేక నా దీపం ఆర్పేసి, గడియారాలు డబ్బాలో సర్దేసుకున్నాను.

నేను ఊరుకునే రకం కాదు కదా. మర్నాడు ఆవిడని లాక్కెళ్ళినట్టే ముందు బడికి, అక్కణ్ణుంచి లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ రిజిస్టరు తీసి చూసింది. కొత్త టర్ము మొదలయ్యేలోగా పిల్లని పగటి తరగతిలో కూచోబెడితే, పాత బాకీతోసహా ఫీజు కట్టేస్తే, పేరు అసలు తీయనట్టే మళ్ళీ ఎక్కిస్తానంది. టర్ము మొదలయ్యాక మాత్రం తన చేతుల్లో ఉండదట. లాయరమ్మ కూడా అదే పట్టుకుంది. "పగటి చదువులో ఉందని కాగితం తెండి. పై కోర్టుకి వెళ్దాం. ఈసారి నేను చెప్పినట్టు మాట్లాడాలి. ఆ కాగితం లేకపోతే మాత్రం తలుపు మూసుకుపోయినట్టే" అంది. ఆవిడ తల ఊపింది. ఈసారి సరేనమ్మా అనలేదు, "చెప్తానమ్మా, మాకు గడవట్లేదని చెప్తాను" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో మెడ మీద నరం చూస్తే తెలిసింది.

ఫీజు ఒక్కటే కావాలి. నా దగ్గర కాస్త ఉంది. కంట్లో పొర ఆపరేషనుకి దాచుకున్నది. తెచ్చి చెక్క మీద పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. "నీకు కళ్ళు లేకపోతే ఇంకేముంది బాబాయ్" అంది. బతిమాలాను, తిట్టాను, తీసుకోకపోతే నీతో మాట్లాడనన్నాను. రోజంతా మాట్లాడలేదు కూడా. సాయంత్రం షట్టరు దించేటప్పుడు తనే అంది:

"పిల్ల తండ్రినే అడుగుతాను. ఒక్కసారికి. దాని చదువు కోసమే కదా, నా కోసం కాదు కదా. నువ్వు తోడొస్తావా? వస్తే మాత్రం నోరెత్తకూడదు. నేనే మాట్లాడతాను." చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గుమ్మం తొక్కలేదు. ఆదివారం పొద్దున బయల్దేరాం. బస్సులో దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. అనాల్సిన మాటలు వల్లె వేసుకుంటోందని తెలిసి నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను. అతని ఇల్లు నాలుగో అంతస్తులో. కింద లిఫ్టు తలుపుకి తాడు కట్టి, పనిచేయడం లేదని అట్టముక్క వేలాడదీశారు. లిఫ్టు మెకానిక్కు కాపురమున్న మేడకి లిఫ్టు లేదు. మామూలు రోజైతే వారం రోజులు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయాసపడుతూ ఎక్కాం.

తలుపు అతనే తీశాడు. మనిషి చిక్కిపోయాడు. గోళ్ళలో గ్రీజు మరకలు. మమ్మల్ని చూసి ముందు భయపడ్డాడు, పిల్లకేమైనా అయిందా అని. లోపలికి రమ్మన్నాడు. చిన్న హాలు, నేల మీద ఇద్దరు పిల్లలు ఒకే పెన్సిలు కోసం పోట్లాడుకుంటూ రాసుకుంటున్నారు. రెండో భార్య మంచినీళ్ళు తెచ్చిపెట్టి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఈవిడ ఒకప్పుడు అతన్ని మీరు అనేది, ఇప్పుడేమనాలో తెలియక ఏ పిలుపూ లేకుండా మాట్లాడుతోంది. "ఆరోగ్యం ఎలా ఉంది. పని బాగా దొరుకుతోందా." అతను ఊఁ కొడుతున్నాడు.

కాసేపటికి అతనే మొదలుపెట్టాడు.

"కోర్టులో నువ్వా మాట అన్నాక నాకు ఆ రోజు నిద్ర పట్టింది, నమ్ము. డబ్బు ఆపేసిన దగ్గర్నుంచీ ఒకటే గుబులు. పిల్ల ఏమైపోతోందో, ఇవ్వాలో వద్దో, మా లాయరేమో కాగితం ప్రకారం వద్దంటాడు. ఏ లోటూ లేదని నువ్వు అనగానే పెద్ద బరువు దిగిపోయింది." నేల మీద రాసుకుంటున్న పిల్లల వైపు చూశాడు. "ఎలా చదువుతోంది?"

ఇదే అదును. ఇంతకంటే మంచి అదును దేవుడు కూడా ఇవ్వడు. నేను కుర్చీ అంచుకి జరిగాను. ఈవిడ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. తల ఎత్తింది. ఎత్తిన తలకి ఎదురుగా వంటింటి గుమ్మంలో ఆ మనిషి నిలబడి ఉంది. దురుసుగా కూడా కాదు, ఊరికే చూస్తోంది.

"బాగా చదువుతోంది" అంది ఈవిడ. "ఇప్పుడు మొదటి బెంచీలో కూచుంటోంది. లెక్కల్లో అందరికంటే ముందుంది."

"పగలే కదా? సాయంత్రం తరగతులు అన్నావు అప్పుడు."

"మార్చేశాను. పగలే."

అతని మొహం వెలిగింది. నిజంగా సంతోషపడ్డాడు, దౌర్భాగ్యుడు. "ఏదైనా పని మీద వచ్చారా? అవసరముంటే చెప్పు, మొహమాటపడకు" అన్నాడు. ఆ మాటకి గుమ్మంలో ఆమె మొహం బిగుసుకుంది. చేతిలోని గుడ్డని మెలితిప్పింది. నేను చూశాను, ఈవిడా చూసింది.

"అవసరమేం లేదు. బాబాయి ఈ వీధిలో ఎవరికో గడియారం ఇవ్వాలంటే తోడొచ్చాను. ఎలాగూ వచ్చాం కదా అని."

అతను నా ఖాళీ చేతుల వైపు చూశాడు. నేను ఇచ్చేసి వచ్చానన్నట్టు తల ఊపాను. నా నోటిదాకా వచ్చిన మాటని ఎలా మింగానో నాకు తెలుసు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఉంది, గోళ్ళు దిగబడుతున్నాయి.

మెట్ల మీద మొదటి మలుపు దగ్గరే ఇంక ఆగలేక అరిచేశాను. నీ పరువు తగలెయ్యా, నీ బిడ్డ బతుకుని నీ నోటితో నువ్వే తగలబెట్టుకుంటావా, నేను వెనక్కెళ్ళి మొత్తం చెప్పేస్తాను అని రెండు మెట్లు పైకెక్కాను కూడా.

"చెప్పు" అంది. ఏడవడం లేదు. "చెప్పిన రోజునే నా మిషను తీసుకుని ఇంకో ఊరు పోతాను. మేమెక్కడున్నామో నీకు కూడా తెలియదు."

పోతుంది. ఆ మనిషి అన్నంత పనీ చేస్తుంది. నేను ఆ రెండు మెట్లూ దిగాను. ఆవిడ అంతస్తు అంతస్తుకీ ఆగి గోడ పట్టుకుంటూ దిగింది. ఆవిడ మీద ఉన్న కోపమంతా ఎటో పోయి, నాకు ఏడుపొచ్చింది. పదేళ్ళకి పైబడి ఆ ప్లైవుడ్ చెక్క అవతల కూచుని ఉన్న మనిషికి నేను చేయగలిగింది ఇంత కూడా లేదే అనిపించింది.

బస్సు ఖాళీగా ఉంది. పక్కపక్కనే కూచున్నాం. టర్ము మొదలయ్యేది మర్నాడే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. సగం దారి పోయాక ఆవిడ కిటికీలోంచి బయటికి చూసి లేవబోయింది.

"ఈ స్టాపులో దిగుదామా బాబాయ్. ఇక్కడ పాత సామాన్లు అమ్మే షాపొకటుంది. వీపు ఆనే కుర్చీ ఏదైనా దొరుకుతుందేమో చూద్దాం. ఆ స్టూలు మీద ఇలా ఏళ్ళ తరబడి కూచుంటే పిల్లకి నడుము పడిపోతుంది."